తుపాకి ఒరకు ఆముదం

ఆ రోజు పొద్దున మా షెడ్డులో రెండు చప్పుళ్ళు వినపడ్డాయి. వినపడాల్సింది ఒక్కటే.

మా వదిన మూక్కమ్మాళ్ తుపాకి ఒరలు కుడుతుంది. కోవిల్‌పట్టిలో మా ఇంటి వెనక రేకుల షెడ్డు ఉంది, అక్కడ. ఒర అంటే పిస్టలు పెట్టుకోవడానికి నడుము బెల్టుకు తగిలించుకునేది. మాది సగం తోలు, సగం ప్లాస్టిక్. ఒంటికి ఆనుకునే వెనక ముక్క తోలు. ముందు ముక్క పిస్టలు ఆకారానికి అచ్చు తీసిన గట్టి ప్లాస్టిక్. వదిన మేనల్లుడు బాలచందర్ ప్లాస్టిక్ షీటును ఓవెన్‌లో మెత్తబరిచి, అచ్చు మీద వేసి, ప్రెస్సులో బిగించి ఆ ముక్క చేస్తాడు. రెండు ముక్కల్నీ కలిపి కుట్టేది వదిన. మైనం పట్టించిన దారం, దానికి రెండు కొసల్లో రెండు సూదులు, ఒకే తూటులో ఇటు నుంచి ఒకటి, అటు నుంచి ఒకటి. తూట్లు పొడిచేది, అంచులు రుద్దేది, టీ కాచేది నేను. నా పేరు జోతి. వదిన మా అన్న పెళ్ళాం.

కుట్టడం అయ్యాక ఒరను ఒక నకలు పిస్టలుతో పరీక్ష చేస్తాం. శిక్షణకు వాడేది అది. గుండు పోదు గాని ట్రిగ్గర్ కదులుతుంది, నొక్కితే టిక్కుమంటుంది. పిస్టలును ఒరలోకి నెడితే, ట్రిగ్గర్ చుట్టూ ఉండే వలయాన్ని ప్లాస్టిక్ పట్టుకుని టక్కుమని ఒకే ఒక చప్పుడు రావాలి. అది వస్తే ఒర బాగున్నట్టు.

ఆ పొద్దున వదిన నెల రోజులుగా మేకుకు వేలాడుతున్న ఒక ఒరను తీసుకుని ఊరికే నకలును లోపలికి నెట్టింది. టక్కుమంది. దాని వెనకనే సన్నగా టిక్కుమంది.

నేను అటు తిరిగాను. వదిన నా వైపు చూడలేదు. పిస్టలు తీసింది, మళ్ళీ నెట్టింది. టక్. టిక్. ఒరను వెలుతురులోకి పట్టుకుని లోపలికి చూసింది. వెనక తోలు ఒర నోటికి పైన రెండు వేళ్ళ ఎత్తు నాలుకలాగా లేచి ఉంటుంది, పిస్టలు ఒంటికి తగలకుండా. ఆ నాలుక గట్టిగా నిలబడి ఉండాలి. ఇది మెత్తబడి లోపలికి ముడుచుకుంది. పిస్టలుతో పాటు కిందికి దిగి ట్రిగ్గర్ ముందుకు దూరి, దాన్ని నొక్కేస్తోంది. నకలు కాబట్టి టిక్కుమంది. నిజం పిస్టలు అయితే గుండు తొడలోకి పోతుంది.

ఆ తోలులోనే, అదే రోజు, అదే చేత్తో కుట్టిన ఇంకొక ఒర అప్పుడు విరుదునగర్‌లో ఒక మనిషి నడుముకు ఉంది. ఆ మనిషి వదినకు సొంత అన్న. బాలచందర్‌కు నాయన. మునుసామి బావ.

తోలు ఎందుకు మెత్తబడిందో నాకు తెలుసు. తప్పు దాచి ఏం లాభం, చెప్పేస్తాను.

వదిన వాళ్ళది కళుగుమలై పక్కన నల్లరేగడి ఊరు. వాళ్ళ నాయన సొంత ఎద్దులకు మెడ పట్టెడలు, కాడి పట్టెలు తనే కుట్టుకునేవాడు. ఎవరి దగ్గరికీ పోయేవాడు కాదు. ఆయన పక్కన కూర్చుని వదిన ఎనిమిదేళ్ళ వయసులోనే రెండు సూదుల కుట్టు నేర్చుకుంది. మా వైపు గాలికి తోలు అప్పడంలాగా ఎండి పగిలిపోతుంది. అందుకని వారానికి ఒక తడవ పట్టెడలన్నింటికీ ఆముదం పట్టించి ఎండలో వేలాడదీసేవాళ్ళు. ఆముదం తాగిన పట్టెడ ఎద్దు మెడను కోయదు. వదినకు తోలంటే అదే. పొడిగా ఉన్న తోలును చూస్తే ఆమెకు దాహంతో ఉన్న బిడ్డను చూసినట్టు ఉంటుంది.

ఎద్దులు పోయి ట్రాక్టర్లు వచ్చాక చాలా ఏళ్ళు ఆమె చేతికి పని లేదు. మా అన్నతో పాటు పత్తి చేనుకు పోయింది. అయిదేళ్ళ కింద బాలచందర్ ప్లాస్టిక్ అచ్చుల పని నేర్చుకుని వచ్చి, అత్తా నువ్వు కుట్టు, నేను అచ్చు తీస్తాను అన్నాడు. నాయకరు కులపు ఇంటి ఆడది తోలు ముందేసుకుని కూర్చుందని చుట్టాలు కొన్నాళ్ళు మా ఇంట్లో నీళ్ళు కూడా తాగలేదు. వదిన పట్టించుకోలేదు. తాగని వాళ్ళ కాఫీ ఖర్చు మనకు మిగిలిందిలే అనేది.

బాలచందర్ మొదటి రోజే చెప్పాడు, ఈ తోలుకు నూనె చుక్క కూడా తగలకూడదని. ఇది గట్టిగా ఉంటేనే పని చేస్తుందని. వదిన సరే అంది. కాని ఈ సారి మాసి నెలలో వచ్చిన తోలు మరీ పొడిగా ఉంది, వంచితే కిర్రుమంది. బాలచందర్ మధ్యాహ్నం కూటికి పోయినప్పుడు ఆమె ఏడు ఒరలకని కోసిన ఆ తోలు ముక్కలన్నింటికీ గుడ్డతో ఆముదం పట్టించింది. నాకు వాసన వచ్చింది. నేను అడగలేదు. అడిగి ఉంటే ఈ కథే లేదు.

ఆ ఏడు ఒరల్లో ఒకటి మునుసామి బావ దగ్గరికి పోయింది, మిగతా ఆరూ షెడ్డులోనే ఉండిపోయాయి. బావ మిలిటరీలో పని చేసి వచ్చి, విరుదునగర్‌లో ఒక ఏజెన్సీలో గార్డుగా ఉన్నాడు. ఏటీఎంలకు డబ్బు తీసుకుపోయే వ్యాను కాపలా. సొంత లైసెన్సు పిస్టలు. ఆయన తన మేనేజరుతో మాట్లాడి, నెల రోజులు ఈ ఒరను నేను వాడి చూస్తాను, బాగుంటే మన గార్డులందరికీ నలభై కుట్టించండి అని ఒప్పించాడు. ఆ నెల ముగిసేది ఆ రోజే. మేనేజరు రంగనాథన్ ఆ రోజు తానే వ్యానులో కూడా పోయి చూసి ఆర్డరు ఇస్తానన్నాడు.

ప్రతి ఏటీఎం దగ్గర పెట్టె దించేటప్పుడు పిస్టలు బయటికి తీసి నేలవైపు పట్టుకుని నిలబడడం బావ అలవాటు. పెట్టె లోపలికి పోయాక మళ్ళీ ఒరలో పెడతాడు. రోజుకు ఎనిమిది తావులు. పిస్టలుకు ట్రిగ్గర్ కదలకుండా ఆపే సేఫ్టీ మీట ఉంటుంది కదా అంటారేమో. ఉంటుంది. దాన్ని మళ్ళీ వెయ్యడం ఒక్కోసారి మరిచిపోతానని ఆయనే మా ఇంట్లో నవ్వుతూ చెప్పాడు. చిత్తిర నెల ఎండ, ఒంటి చెమట, ఆ తోలు ఇంకా ఎంత మెత్తబడి ఉంటుందో.

వదిన గోడ గడియారం చూసింది. తొమ్మిదిన్నర. తొమ్మిదికే గార్డుల ఫోన్లు ఆపి ఆఫీసులో పెట్టేయాలి, అది వాళ్ళ రూలు. అయినా బావకు చేసింది. స్విచ్చాఫ్. మేనేజరుకు చేస్తే మోగింది, ఎత్తలేదు. ఆఫీసుకు చేస్తే ఒక అమ్మాయి, వ్యాను ఎక్కడుందో బయటివాళ్ళకు చెప్పకూడదు, సాయంత్రం చెయ్యండి అంది. వదిన ఎంత చెప్పినా ఆ పిల్లకు, ఒరకు ఆముదానికి సంబంధం ఏమిటో అర్థం కాలేదు. పాపం, ఎట్లా అర్థమవుతుంది.

బాలచందర్ అప్పుడే షీటు ఓవెన్‌లో పెడుతున్నాడు. వదిన వాడి ముందు నిలబడి చెప్పింది.

"బాలా, నేను తోలుకు ఆముదం పూసినా. మీ నాయన దానికి కూడా."

వాడు ఆ ఒరను, నకలును తీసుకుని ఒక తడవ నెట్టి చూశాడు. రెండో చప్పుడు వినగానే ఓవెన్ స్విచ్చి కట్టేసి బండి తాళం తీసుకున్నాడు.

వాడికి ఒక కుట్టియానై ఉంది. చిన్న సరుకు బండిని మా వైపు అట్లాగే అంటారు, ఏనుగు పిల్ల అని. ముందు సీటులో ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. వదిన ఒళ్ళో ఆ ఒరను పెట్టుకుని బొటనవేలితో నాలుకను వంచుతూనే ఉంది. వంచినప్పుడల్లా అది మాట విన్నట్టు లోపలికి పోతోంది.

సాత్తూరు దాటాక బాలచందర్ మొదలుపెట్టాడు.

"అత్తా, మేనేజరు ముందర ఆముదం మాట ఎత్తొద్దు. బెల్టు కుట్టు వదులైంది, మార్చి ఇస్తామని చెప్పి నాయన కాడ నుంచి ఒర తీసేసుకుంటా. ఆయన కాలూ దక్కుతాది, ఆర్డరూ దక్కుతాది."

వదిన కిటికీ వైపు చూస్తూ సరే అంది. నాకు కూడా అది మంచి ఉపాయంగానే అనిపించింది. తప్పు చేసింది మా వదిన, మళ్ళీ అది ఊరంతా తెలియాలా?

టోలు దగ్గర లారీల వరస. బాలచందర్ స్టీరింగును అరచేత్తో కొడుతూ కూర్చున్నాడు. ముందు లారీ ఆసామి చిల్లర కోసం వెతుకుతున్నాడు. నాకు తెలిసిన దేవుళ్ళందరినీ తలుచుకుని, మునుసామి బావ ఈ రోజైనా ఆ సేఫ్టీ మరిచిపోకూడదని మొక్కుకున్నాను. వదిన ఏమీ మొక్కుకోలేదు. మొదటి ఏటీఎం ఎన్నింటికి అని మాత్రం అడిగింది. పది. అప్పటికి పదీ పది అయింది. అంటే బావ అప్పటికే ఒక తడవ పిస్టలు తీసి, ఒక తడవ లోపల పెట్టి ఉంటాడు.

రెండో తావు పాత బస్టాండు పక్క వీధిలో అని వాళ్ళ నాయన మాటల్లో విని బాలచందర్‌కు తెలుసు. మేము పోయేటప్పటికి వ్యాను నిలబడి ఉంది. ఒక మనిషి వెనక తలుపు నుంచి ఇనప్పెట్టె దించుతున్నాడు. రెండో గార్డు చేతిలో పొడుగు తుపాకి. మునుసామి బావ వ్యాను పక్కన, పిస్టలు చేతిలో నేలవైపు పట్టుకుని, వీధి రెండు పక్కలా చూస్తున్నాడు.

కాలు బాగుంది. మొదట అదే చూశాను నేను.

బాలచందర్ దిగి పరుగెత్తబోయాడు. వదిన వాడి చొక్కా పట్టుకుని ఆపేసింది. డబ్బు వ్యాను వైపు పరుగెత్తే మనిషిని గార్డులు ఎట్లా చూస్తారో వాడికి ఆ క్షణంలో గుర్తు లేదు, ఆమెకు ఉంది. ఇద్దరినీ బండిలోనే ఉండమని చెప్పి తాను మెల్లిగా నడిచింది. రెండు చేతులూ కనపడేలా పక్కలకు వేలాడేసుకుని, అంగడికి పోయే మనిషిలాగా. ఒరను బండిలోనే వదిలేసింది.

డ్రైవరు చూసి, అక్కడే నిలబడమ్మా అని అరవంలో అరిచాడు. ఆమె ముప్పై అడుగుల దూరంలో నిలబడింది. బావ తిరిగి చూశాడు. చెల్లెలిని చూసి ముఖం ముడుచుకున్నాడు. పని వేళలో చుట్టాలు కనపడితే ఆయనకు కోపం.

పెట్టె లోపలికి పోయింది. షట్టరు సగం దిగింది. బావ చెయ్యి నడుము వైపు పోయింది.

బయటికి వచ్చామంటే మేమందరం అరవమే మాట్లాడతాం. తెలుగు ఇంటి గడప లోపలిది. విరుదునగర్ వీధిలో వదిన నోట తెలుగు వినడం నాకు అదే మొదలు.

"అన్నా, దాన్ని లోపల పెట్టొద్దు."

గొంతు పెంచలేదు. చేనులో పక్క సాలులో ఉన్న మనిషితో చెప్పినట్టు చెప్పింది. బావ చెయ్యి ఆగింది.

"ఏంది పాపా ఇది? ఇంటికి పో."

ఆమెకు యాభై రెండేళ్ళు. ఆయనకు ఇంకా పాపే.

"పోతా. నువ్వు మాత్రం దాన్ని చేతిలోనే పెట్టుకో. ఒర బాగలేదు. లోపల పెడితే పేల్తాది."

"నెల దినాలుగా పెడతానే ఉండా. ఇప్పుడేమొచ్చె?"

"ఇప్పుడొచ్చె. నేను చెప్తాండా కదా."

రెండో గార్డు పొడుగు తుపాకి పైకెత్తి, ఈమె ఎవరు, ఏం భాష అది అని బావను అడుగుతున్నాడు. వీధిలో జనం నిలబడుతున్నారు. పండ్ల బండి ఆమె తన బండిని వెనక్కి లాక్కుంది. షట్టరు లోపల నుంచి మేనేజరు వంగి బయటికి చూశాడు. బావ చేతిలో పిస్టలు, ఎదురుగా ఒంటరి ఆడమనిషి. ఆయన కేక వేశాడు, మునుసామీ, ఆయుధం లోపల పెట్టు అని.

బావ మేనేజరు వైపు చూశాడు, చెల్లెలి వైపు చూశాడు. చెయ్యి మళ్ళీ నడుము దగ్గరికి పోయింది. పిస్టలు కొన ఒర నోట్లో ఆనింది కూడా.

వదిన కదల్లేదు. ఇంకో అడుగు వేస్తే ఆ పొడుగు తుపాకి ఏం చేస్తుందో.

"అన్నా, నాయన మీద ఆన. నేను తప్పు చేసినా."

బావ పిస్టలు పైకి తీశాడు. గోడకు వీపు ఆనించి, దాన్ని నేలవైపు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. మేనేజరు రెండోసారి చెప్పాడు, మూడోసారి చెప్పాడు. బావ, లోపల పని ముగించండి సార్, తరవాత చెప్తాను అన్నాడు. లోపల పని ముగియడానికి పదిహేను నిమిషాలు పట్టింది. అంతసేపూ ఆయన అట్లాగే ఉన్నాడు, చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోకుండా. వదిన కూడా నిలబడ్డ చోటే ఉంది. మధ్యలో ముప్పై అడుగుల ఎండ.

తరవాత వ్యాను లోపల తలుపు వేసుకుని బావ పిస్టలులో గుండ్లన్నీ తీసి కిందికి దిగాడు. రంగనాథన్ మమ్మల్ని దగ్గరికి పిలిచాడు. లావుగా, తెల్ల చొక్కా వేసుకున్న మనిషి, కోపంగా ఉన్నాడు. బాలచందర్ ముందుకు పోయి అరవంలో మొదలుపెట్టాడు, బెల్టు కుట్టు కొంచెం వదులైంది సార్, అందుకని... వదిన వాణ్ణి పక్కకు నెట్టింది. కుట్టు బాగానే ఉంది, నా కుట్టు వదులు కాదు అంది. తోలుకు ఆముదం పూసింది తానేనని, పూయొద్దని ఈ పిల్లోడు చెప్పినా వినలేదని, మిగతా ఆరూ కూడా అట్లాంటివేనని, వాటిలో ఒక్కటి కూడా ఎవరికీ ఇవ్వబోమని చెప్పేసింది. బాలచందర్ తల వంచుకున్నాడు.

రంగనాథన్ నమ్మలేదు. ఖాళీ పిస్టలు పెట్టి చూపించమన్నాడు. బావ సేఫ్టీ వెయ్యకుండా మెల్లిగా పెట్టాడు. టక్. అంతే. మళ్ళీ పెట్టాడు. టక్. రంగనాథన్ మా ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. ఇంత మాత్రానికి నా గార్డును నడివీధిలో తుపాకితో నిలబెట్టారా అన్నాడు. అబద్ధం ఆడినవాళ్ళకంటే కనాకష్టంగా ఉంది మా పరిస్థితి.

వదిన అంది, ఒరను చూసి పెట్టకు అన్నా, రోడ్డును చూస్తా పెట్టు, రోజూ పెట్టినట్టే.

బావ తల ఎత్తి వీధి ఆ చివరకు చూస్తూ, చేతి అలవాటుకు వదిలేసి ఒక్క నెట్టు నెట్టాడు.

టక్. టిక్.

బావ పిస్టలు పిడి మీద నుంచి చెయ్యి తీసేసి వ్యాను మెట్టు మీద కూర్చున్నాడు. కాసేపటికి, పొద్దున మొదటి తావులో పెట్టేటప్పుడు ఏదో అడ్డం పడినట్టు ఉండింది, బయటికి తీసి మళ్ళీ పెట్టినా అన్నాడు. అంత మాట చాలా తేలిగ్గా అన్నాడు.

రంగనాథన్ చెడ్డవాడు కాదు. ఒరను విప్పించి తానే తీసుకున్నాడు. చెప్పిన మాట వినకుండా నడివీధిలో ఆయుధం పట్టుకుని నిలబడినందుకు బావకు పది దినాలు పని లేదన్నాడు, రాసి పెట్టక తప్పదన్నాడు. నలభై ఒరల మాట ఆయన ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. ఆ ఆర్డరు ఇంతవరకు రాలేదు. ఇంక రాదు. మిగిలిన ఆరింటినీ వదిన మరునాడే కత్తితో కుట్లు కోసి పడేసింది. ఇప్పుడు కుట్టే వాటిలో నాలుకను తగ్గించి కోసి, ట్రిగ్గర్ ఉండే పక్క ప్లాస్టిక్‌ను పైదాకా తీసుకొస్తున్నాం. తోలు పొడిగా ఉంటే ఇప్పటికీ ఆమె చెయ్యి ఊరుకోదు. అట్లాంటప్పుడు షెడ్డులో నుంచి లేచి బయటికి పోతుంది.

ఆ రోజు వ్యాను పోయాక నలుగురం మిగిలాం. బావ, ఆకలేస్తాంది అన్నాడు. పరోటా అంగడికి పోయాం. విరుదునగర్ పరోటా నూనెలో వేయించినది, కరకరమంటుంది. బాలచందర్ అయిదు తిన్నాడు, నేను మూడు తిన్నాను. అంత భయపడ్డాక అంత ఆకలి ఎట్లా వేసిందో నాకే తెలియదు. వదిన ముట్టుకోలేదు. బావ బెంచీ పక్కకు కాలు చాపుకుని కూర్చుంటే, ఆ కాలు వైపే చూస్తూ ఉంది.

బావ సర్వీసులో తనకు ఇదివరకు ఎవరూ ఒక్క మచ్చ వెయ్యలేదని, ఇప్పుడు సొంత చెల్లెలి వల్ల పడిందని, ఇంట్లో పెళ్ళానికి ఏం చెప్పాలని సణుగుతూ తిన్నాడు. చివరికి ఆయనే గమనించాడు.

"ఏంది పాపా, నా కాలు అట్ల చూస్తాండావు?"

వదిన తన ఆకులో పరోటాలు తీసి ఆయన ఆకులో వేసింది.

"ఏం లేదు. పది దినాలు పని లేదు కదా, ఇంట్లో గమ్మున కూర్చో. రెండు కాళ్ళూ బాగా చాపుకోని కూర్చో."